చివర ఎక్కే మెర్లీన్

లండన్‌లోని ఆ బస్టాపులో వరుసకు ముందుండేది మెర్లీనే, అందరికంటే చివర ఎక్కేదీ ఆవిడే. ఆస్పత్రి వంటశాలలో గిన్నెలు తోమి తోమి వాచిన వేళ్ల మధ్య బ్యాంకు కార్డు బిగించి పట్టుకుని, తలుపు పక్కన నిలబడి, "ఎక్కండి, ఎక్కండి! నన్ను చూస్తూ నిలబడతారేం?" అని జనాన్ని కసురుతుంది. అందరూ చాదస్తమనుకుంటారు. పోయిన జనవరిలో, జోరువానలో, ఒక ముసలాయన టికెట్టు కోసం డ్రైవరు పక్కనున్న యంత్రానికి ఆనించిన కార్డు పనిచెయ్యలేదు. చేతిలో నోటుంది, కానీ బస్సులో నోట్లు తీసుకోరు. అప్పటికే ఎక్కి కూర్చున్న మెర్లీన్ లేచొచ్చి ఆయన కోసం తన కార్డు మళ్లీ ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది. "ఒక కార్డుకు ఒక్క మనిషే, పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు. ముసలాయన వానలోకి దిగిపోయాడు. ఆ వేళ తాను మళ్లీ వెళ్లి కూర్చున్నందుకు ఆవిడకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇవాళ చంకలో బిడ్డతో ఉన్న ఒకమ్మాయి కార్డుకు ఎర్రదీపం వెలిగింది. మెర్లీన్ వెనకనుంచి చెయ్యి చాచి తన కార్డు ఠప్పున ఆనించింది. పచ్చదీపం.

"మరి నువ్వో, పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు.

"నాకు కాళ్లున్నాయి. నువ్వు తలుపేసుకుని పో!" అని అరిచి, నాలుగు స్టాపుల అవతలి ఆస్పత్రివైపు కుంటుకుంటూ నడిచింది.