ఉమామహేశు కుట్లు, పప్పు గొడవ

ఉమామహేశు పప్పు తిని హెర్నియా కుట్లకు చీము పట్టించుకున్నాడని గుణదలలో ఈ సందంతా కోడై కూస్తోంది గానీ, చీము పట్టిందన్నది ఉత్త పుకారు! ఆటోనగర్‌లో లారీల కింద దూరి నల్లబడ్డ ఆ చేతులను మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటే తప్ప అతను కట్టు ముట్టడు. దగ్గొస్తే చాలు, పొట్టకు దిండు అదుముకుంటాడు. కుట్టు మానితేనే మళ్లీ మెకానిక్ షెడ్డుకు వెళ్లగలడు మరి!

ఇవాళ కుట్లు విప్పించుకుని ఆటో దిగాడో లేదో, సందంతా చుట్టుముట్టింది. చొక్కా ఎత్తి చూపించాడు. సన్నని గీత, పొడిగా, శుభ్రంగా! పక్కింటి శివపార్వతి ఊరుకుంటుందా?

"నిజం చెప్పు అబ్బాయ్, పప్పు తిన్నావా లేదా?"

ఉమామహేశు ఇంటివైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "రోజూ తిన్నాను పిన్నిగారూ. డాక్టరుగారు తినమంటే, మా అమ్మ వద్దన్నా మా ఆవిడ చాటుగా పెట్టింది. అదంతా పుకారనుకుంటున్న మా అమ్మ చెవిన మాత్రం వెయ్యకండి, ఇద్దర్నీ ఉతికి ఆరేస్తుంది!"