నాలుగిళ్ల కూర

మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. మా వాడలో ఆడవాళ్లందరం బీడీలు చేస్తాం. పోయిన ఎండాకాలం గ్యాస్ ఖర్చు భరించలేక, నాలుగిళ్ల వాళ్లం కలిసి మా వాకిట్లో ఒకే కట్టెల పొయ్యి మీద కూర వండుకోవడం మొదలుపెట్టాం. ఒకరు వండుతుంటే మిగతావాళ్లం పక్కనే కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం.

ఒకరోజు పప్పు ఉడుకుతుండగా సుడిగాలి లేచింది. మా చాటల్లోని బీడీల్లో నింపే తంబాకు ఎగిరి గిన్నెలో పడింది. పారబోద్దామని నేను గిన్నె దించాను.

"నాలుగిండ్ల కూర పారబోస్తవా అక్కా? పైపైన తీసేస్తే ఏం గాదు. పొద్దంతా మనం పీల్చేది గదే గదా!" అంది పక్కింటి రాజవ్వ.

అందరం నవ్వాం. ఆ పప్పే పంచుకున్నాం.

తిన్న కాసేపటికే రాజవ్వ మూడేళ్ల మనవరాలు వాంతులు చేసుకుని సొమ్మసిల్లిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే "కండ్లు తెరువు బిడ్డా, జర కండ్లు తెరువు" అని రాజవ్వ దారంతా ఏడుస్తూనే ఉంది.

పిల్ల బతికింది. కానీ మరునాడే రాజవ్వ కోడలు వచ్చి, "ఉపాసమన్న ఉంటం గని మీ పొత్తు మాకొద్దు పెద్దత్తా" అని తన గిన్నెలు తీసుకుపోయింది. మిగతా రెండిళ్లూ మానుకున్నాయి.

ఇప్పుడు గ్యాస్ అయిపోయిన రోజు చల్లన్నంలో కారం కలుపుకుని తింటున్నాను. రాజవ్వ ఇంట్లోనూ అదే తిండి అని నాకు తెలుసు. మళ్లీ కలిసి వండుకుందామని అడగబోతాను. ఆ పిల్ల వాళ్ల వాకిట్లో కనబడితే అడక్కుండానే తిరిగొచ్చేస్తాను. ఈ మధ్యే రాయడం నేర్చుకున్నాను కాబట్టి మీకైనా చెప్పుకుంటున్నాను.