గోడకు చెవి ఆనించి కూర్చునే మా మేనత్త

మా మేనత్త పోయిందని నాయిన ఫోన్ చేసినప్పుడు నేను పందుల దొడ్డి బయట నిలబడి లోపలికి పోవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. జ్వరమని ఆమెను జనగామ దవాఖానకు తీసుకుపోయి నాలుగు రోజులే అయింది. ఆటో ఎక్కేముందు కూడా తన ఒంటి సంగతి చెప్పలేదు. "ఎర్రచెవులది వారంల ఈనుతది. దాన్ని మంచిగ కడిగి కొత్త అర్రలకు మార్చు. మర్చిపోకు కోడలా" అన్నది. ఆ నాలుగు రోజులూ రేపు, రేపు అని దాటేశాను. నాకా పందంటే భయం. ఈనేముందు అది అత్తను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

పందిని కడగడమేమిటని మీకు అనిపించవచ్చు. జఫర్‌గఢ్ దగ్గరి మా వాడలో వాళ్లకూ అలాగే అనిపించేది. ఈనడానికి రెండు వారాల ముందు తల్లిపందికి కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు వేయించడం అందరూ చేసేదే. అత్త అక్కడితో ఆగేది కాదు. ఖాళీ అర్రలో బండలు గీకి, సలసల కాగిన నీళ్లు గుమ్మరించి, ఎండ తగలనిచ్చేది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, సబ్బు, కొబ్బరి పీచు పట్టుకుని పంది పక్కన కూర్చునేది. పొట్ట, గిట్టల సందులు, ఒక్కొక్క చన్ను. మామయ్య పాత అంగీ చీర మీద తొడుక్కుని ఈ పని చేసేది. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆ అంగీ దొడ్డి పని మానలేదు.

"ఏందక్కా, పందికి తలంటు పోస్తున్నవ్? పెండ్లా?" అని దారిన పోయేవాడు నవ్వేవాడు.

"అవ్‌రా, నువ్వే పెండ్లికొడుకువి. ముందుగాల నువ్వు తానం జేసి రా, కంపు కొడ్తున్నవ్" అనేది తలెత్తకుండానే.

ఏలికపాముల గుడ్లు కంటికి కనబడవు. జిగటగా తల్లి చన్నులకు, నేలకు అంటుకుని ఉంటాయి. పిల్ల మొదటి గుక్క పాలతోనే వాటిని మింగుతుంది. పేగులో పుట్టిన పురుగు కార్జంలోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ పేగుకే దిగుతుందని నేను డిగ్రీలో చదివి పరీక్ష రాశాను. బడి మొహం చూడని అత్త దాన్ని పిల్లల దగ్గులో వినేది. పిల్లలు పుట్టి వారం దాటగానే దొడ్డి గోడ పక్కన బకెట్ బోర్లించి కూర్చుని, గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకునేది. కునుకు తీస్తోందని అందరూ అనుకునేవారు. ఒకసారి నేను పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటే, "ఆ డబ్బ బంజెయ్యి. దగ్గు ఇనబడ్తలేదు" అని కసిరింది.

ఎర్రచెవులదాని పోయిన ఈతకు అత్త భూపాలపల్లిలో ఉంది. అల్లుడికి గనిలో పని, కూతురికి కాన్పు. దొడ్డి నాకు అప్పజెప్పింది. అప్పుడే డిగ్రీ పూర్తయి, ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్న నాకు అంతా తెలుసుననే ధీమా. తల్లిపందికి మందు సరిగ్గా వేయించాను. బండలన్నీ ఘుమఘుమలాడేలా ఫినాయిలుతో కడిగాను. పందిని మాత్రం ముట్టుకోలేదు. మందు వేశాక స్నానమెందుకు, అత్తది ఉత్త చాదస్తం అనుకున్నాను. నిజం చెప్పాలంటే దాని కోరలు చూసి వెనక్కి తగ్గాను. ఆ భయానికి చదువు మంచి సాకు అయింది.

తొమ్మిది పిల్లలు పుట్టాయి. రెండు నెలలకు వాటి కడుపులు ఉబ్బి, వెన్నుపూసలు బయటపడ్డాయి. ఒకటి కదలకుండా పడి ఉంటే పశువుల డాక్టరు వచ్చారు. ఆయన చూస్తుండగానే అది చచ్చిపోయింది. కోసి చూపించారు. పేగు నిండా తెల్లటి పురుగులు, తాడు పేనినట్టు ఒకదాన్నొకటి చుట్టుకుని, అడుగు ముందుకు కదలలేకుండా ఇరుక్కుని. కార్జం మీద పాలచుక్కల్లాంటి మచ్చలు. ఆ వారంలో ఇంకో మూడు పోయాయి. నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా కడిగినట్టనిపించలేదు. పళ్లెంలో అన్నం చూసినా ఆ పేగే కనిపించేది.

అత్త తిరిగొచ్చి పిల్లల్ని పూడ్చిన గుంతలు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మందు కడుపులకు పోతది గని తోలు మీదికి రాదు బిడ్డా. ఫినాయిలు వాసన మనకే, పురుగు గుడ్డుకు గాదు" అన్నది. "భయమైతాందా?" అని అడిగింది.

"అయితాంది అత్తా."

"మంచిగైంది. నాకు ముప్పై ఏండ్ల సంది అయితనే ఉన్నది."

ఆమె కడుగుడంతా, ఆమె వినుడంతా భయమేనని ఆరోజు నాకు అర్థమైంది.

పోయిన రోజు సాయంత్రమే అత్తను మట్టిలో పెట్టాం. మర్నాడు పొద్దున దొడ్డిలోకి తొంగిచూస్తే ఎర్రచెవులది నోట గడ్డి కరచుకుని మూలకు చేరుస్తోంది. గడ్డి మోసిందంటే ఆరోజే ఈనుతుందని అత్త చెప్పేది. పరుగున వచ్చి పొయ్యిలో కట్టెలు పెట్టబోయాను.

"పిట్ట ముట్టలే. పొయ్యెట్ల అంటిస్తవే?" అని నాయిన వాళ్ల అన్న, మా పెద్దబాపు, చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఇండ్లలో చావు జరిగితే మూడోనాడు పిట్టకు పెట్టేదాకా పొయ్యి వెలగదు. అన్నం పక్కింటి నుంచి రావలసిందే.

"పందికి నీళ్లు కావాలె పెద్దబాపు. ఇయ్యాల్నే ఈనుతది."

"నా చెల్లె పోయి దినం కాలే. పందికి తానమా? నలుగురు ఏమంటరు?"

నేను చేతిలోని కట్టెలు కింద పెట్టలేదు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న నాయిన లేచి బయటికి పోయాడు. దొడ్డి పక్కన మూడు రాళ్లు పెడుతూ, "ఇంట్ల పొయ్యి అంటియ్యద్దన్నరు. ఇది ఇల్లు గాదు గద" అన్నాడు.

పెద్దబాపు ఒక మోపు పుల్లలు తెచ్చి రాళ్ల దగ్గర పడేశాడు. "నా చెల్లె ఉంటె ఈపాటికి ఆ నీళ్లు నా నెత్తిన గుమ్మరిస్తుండె" అని కండువాతో కళ్లొత్తుకున్నాడు.

కాగిన నీళ్లతో కొత్త అర్ర బండలు కడిగాం. పందిని మాత్రం నేనే కడగాలి. దండెం మీది మామయ్య అంగీ తొడుక్కుని లోపలికి పోయాను. అది గుర్రుమంది. చెయ్యి చాపితే అంగీ చేతిని వాసన చూసి, నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అత్త చేసినట్టే ముందుకాలి కింద గోకాను. మెల్లగా కాళ్లు ముడిచి పక్కకు ఒరిగింది. పన్నెండు చన్నులు. ఒక్కొక్కటి కడిగి, నమ్మకం చాలక మళ్లీ మొదటి నుంచి కడిగాను.

సాయంత్రానికి పది పిల్లలు.

అవి పుట్టి ఈ రోజుకు తొమ్మిదో పొద్దు. బోర్లించిన బకెట్ మీద, ఆ అంగీలోనే, గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. అత్త తల ఆనిన చోట గోడ నున్నగా ఉంది. "అత్త లెక్కనే కునుకుతున్నవేందే?" అంటూ ఎవరో దాటిపోయారు. లోపల పది నోళ్లు పాలు గుంజుకునే చప్పుడు. దాని వెనుక ఎక్కడైనా ఒక దగ్గు ఉందేమోనని ఊపిరి బిగబట్టి వింటున్నాను.