బడి పేరంటం

సోమవారం ఉదయం స్కూలు ఆటో మా వీధి మలుపులో హారన్ కొట్టలేదు. పదేళ్ళకు పైగా ఆ మలుపులో రెండుసార్లు హారన్ మోగాల్సిందే. మోగగానే చివరింటి గేటు దగ్గరికి ఒకావిడ వచ్చి, ఆటోలో పిల్లల్ని కళ్ళతోనే లెక్కపెట్టి, "ఇవాళ ఒకళ్ళు తగ్గారేంటయ్యా?" అని అడిగేవారు. డ్రైవరు జవాబు చెప్పేదాకా ఆటో కదిలేది కాదు. ఆ రోజు అతను వేగం తగ్గించాడు, గేటు వైపు ఒకసారి చూశాడు, హారన్ మీద చెయ్యి వేయకుండానే మలుపు తిరిగిపోయాడు. అతనికి అప్పటికే తెలుసు. మాకు ఐదు నిమిషాల తరవాత తెలిసింది. కమిటీ అత్తయ్యగారు తెల్లవారుతుండగా ఏలూరు ఆసుపత్రిలో పోయారు.

ఆవిడకి అసలు పేరు ఉంది. గుండుగొలనులో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించరు. సిస్టర్లు నడిపే కాన్వెంటులో పేరెంట్స్ కమిటీకి ఏళ్ళ తరబడి ఆవిడే పెద్ద. తన పిల్లలు చదువు ముగించి వెళ్ళిపోయాక కూడా ఆవిడ్ని ఆ కుర్చీలోంచి ఎవరూ లేవమనలేదు. అందుకని ఊరందరికీ కమిటీ అత్తయ్యగారు, కమిటీ వదినగారు, కమిటీ అమ్మగారు.

ఆవిడ కమిటీలోకి ఎలా వచ్చారో ఆవిడ నోటితోనే వినాలి. నేను చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ కొంచెం పెరిగేది.

పెద్దకూతుర్ని కాన్వెంటులో వేసిన కొత్తల్లో, ఆ పిల్ల ఒకరోజు వచ్చి, "అమ్మా, శనివారం బళ్ళో పేరెంట్సు మీటింగ్, నువ్వు రావాలి" అంది. వంటింట్లో పోపు వేగుతోంది. ఆవిడకి "పేరంటం" అని వినిపించింది.

"ఎవరిదే పేరంటం?"

"సిస్టర్లదే."

"సిస్టర్లకి పేరంటాలేంటే?"

"ఏమో, అందరి అమ్మలూ రావాలంట."

పెద్ద బడి కదా, ఏదో పద్ధతి ఉండే ఉంటుందనుకున్నారు. కాళ్ళకి పసుపు రాసుకున్నారు, పట్టుచీర కట్టారు, శనగలు తెచ్చుకోవడానికి గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళారు. హాల్లో బెంచీల మీద ప్యాంట్లూ చొక్కాలూ వేసుకున్న నాన్నలు, ఓ మూల ముగ్గురు ఆడవాళ్ళు. కేరళ నుంచి వచ్చిన సిస్టర్‌గారు గంటసేపు సగం ఇంగ్లీషులో, సగం తన తెలుగులో మాట్లాడారు. అంతా లేచాక అత్తయ్యగారు సిస్టర్‌గారి దగ్గరికెళ్ళి, "తాంబూలం ఎవరిస్తారండీ?" అని అడిగారు.

"హాలంతా గొల్లుమందమ్మా! శనగలు ఇవ్వలేదు సరికదా, నీ కూతురికి లెక్కలు రావని చెప్పి పంపించారు" అని, చెప్పినప్పుడల్లా అందరికంటే ముందు ఆవిడే నవ్వేవారు.

ఇంకొకరైతే మళ్ళీ ఆ గేటు తొక్కేవారు కాదు. ఆవిడ రెండో మీటింగుకి శనగలు తానే నానబోసి, పోపు వేసి, పెద్ద గిన్నెతో తీసుకెళ్ళారు. మీటింగు ముందురోజు ఉదయం కుంకుమ భరిణె పట్టుకుని ఆ వీధీ ఈ వీధీ తిరిగి, కాన్వెంటు పిల్లల తల్లులందరికీ బొట్టు పెట్టి పిలిచారు. హాల్లో అంతకు ముందు ముగ్గురు ఉన్న మూల సరిపోక, ఆడవాళ్ళు గుమ్మం దాకా నిలబడ్డారు. సిస్టర్‌గారు ఆ రోజే ఆవిడ పేరు కమిటీలో రాసుకున్నారు.

"డైరీలో ఎర్ర ఇంకుతో 'తప్పక రావలెను' అని రాస్తే ఎవరొస్తారండీ?" అనేవారు. "పిల్ల ఏం చేసిందో అని ముందు ఇంట్లో నాలుగు తగిలిస్తారు. బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం?"

అది నిజం. మా వైపు బొట్టు పెట్టి పిలిచాక వెళ్ళకపోవడం తప్పు. ఆవిడ పట్టుకున్నది ఆ ఒక్క మర్యాదనే. దాని మీద బడిని నిలబెట్టారు. బొట్టు పెట్టుకోని ఇళ్ళలో చేతిలో ఒక అరటిపండు పెట్టి పిలిచేవారు. కొల్లేరు వైపు చెరువుల మీద పనికెళ్ళే వాళ్ళుంటే, చేపలు పట్టే రోజు కాకుండా చూసి సిస్టర్‌గారి చేత మీటింగు తేదీ మార్పించేవారు. నాట్ల రోజుల్లో మీటింగు సాయంత్రానికి జరిగేది. "పేరెంట్స్" అనే మాట ఆవిడ నోట చివరిదాకా పలకలేదు. పలికించాలని మేమూ చూడలేదు.

పొరపాట్లు చేసేవారు. ఒకసారి తొందరలో సర్కారు బడిలో చదివే పిల్లవాడి ఇంట్లో పిలిచి వచ్చారు. ఆ తల్లి ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చి, వరసలో కూర్చుని, తన వంతు రాగానే కొడుకు ఎలా చదువుతున్నాడని అడిగింది. టీచరు రిజిస్టరు రెండుసార్లు తిరగేశారు. పేరు లేదు. అప్పుడు అత్తయ్యగారికి వెలిగింది. "పిలిచింది మనం, సిస్టర్‌గారూ. వచ్చినావిడని వెనక్కి ఎలా పంపుతాం?" అని పక్కన కూర్చోబెట్టుకుని శనగలు పెట్టారు. సోమవారం ఆ తల్లితో పాటు సర్కారు బడికి వెళ్ళి, ఆ పిల్లవాడి మాస్టారి ముందు కూర్చున్నారు. ఆ బడిలో ఆవిడకి ఏ పదవీ లేదు. మాస్టారు అడగనూ లేదు.

మొదట్లో తల్లులకే బొట్టు పెట్టేవారట. మేం ఈ ఊరు వచ్చిన ఏడాది పద్ధతి మార్చారు. తల్లిని పిలుస్తూ, బొట్టు మాత్రం పిల్లకి పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకని వీధిలో ఎవరూ అడిగినట్టు లేదు.

మేం వచ్చింది తాడేపల్లిగూడెం నుంచి. నాన్న పోయాక మావయ్య తన ఇంటి పక్క వాటా ఇప్పించాడు. అమ్మ ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కొలతలు ఇవ్వడానికి వచ్చే వాళ్ళతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను కాన్వెంటులో ఏడో తరగతి. నేనూ ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో టీచరు లేపి చదవమంటే పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. అక్షరాలన్నీ తెలుసు. గొంతు రాదు. మూడు నెలలు చూసి, నాకు చదవడం రాదని టీచరు అనుకున్నారు. ఆ స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. మళ్ళీ ఆరో తరగతిలో కూర్చోబెట్టాలని, మాట్లాడటానికి అమ్మ రావాలని డైరీలో రాశారు.

ఆ పేజీ అమ్మకి చూపించలేదు. రెండోసారి రాసిందీ చూపించలేదు. ఎందుకంటే మావయ్య ఒకరోజు అమ్మతో అన్న మాట నాకు వినిపించింది. "దాని చదువు సరిగా సాగకపోతే లాగకు. ఒక ఏడు వెనకబడిందంటే ఇంక కాన్వెంటెందుకు? నీ పక్కన కూర్చోబెట్టి మిషన్ నేర్పించు." అమ్మ కాదనలేదు. ఆరో తరగతికి వెళ్ళడమంటే బడి మానేయడమేనని నాకు అర్థమైంది.

ఆ వారం శుక్రవారం ఉదయం గుమ్మంలో పిలుపు వినిపించింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఎవరండీ?"

"చివరింటిదాన్నండీ. రేపు మధ్యాహ్నం బళ్ళో పేరంటం. పిలుద్దామని వచ్చాను."

అమ్మ మిషన్ ఆపి లేచింది. ఆవిడ చేతిలో భరిణె చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"నన్నెందుకండీ పిలవడం? నేను పేరంటాలకి రాను కదండీ."

"తెలిసే వచ్చానండీ."

ఆవిడ నా వైపు చూశారు. "ఇది పిల్లల పేరంటం. బొట్టు పిల్లకి. ఇలా రావే." నేను వెళ్ళాను. నుదుట వేలు చల్లగా తగిలింది. "పెట్టేశాను. ఇంక రావడం మానడం మీ ఇష్టం వదినా" అని, జవాబు కోసం చూడకుండా పక్కింటికి వెళ్ళిపోయారు.

అమ్మ చాలాసేపు నా నుదురు చూస్తూ నిలబడింది. తరవాత, "నన్నెందుకే పిలవడం? బళ్ళో ఏమైనా అయిందా?" అని అడిగింది. డైరీ తెచ్చి ఇచ్చాను. రెండు పేజీలూ చదువుకుంది. తిట్టలేదు. లేత నీలం నేతచీర తీసి ఇస్త్రీ చేసుకుంది. నాన్న పోయాక అమ్మ బయటికి వెళ్ళడానికి చీర ఇస్త్రీ చేసుకోవడం అదే మొదలు.

అత్తయ్యగారి మీటింగులో ఒక నియమం ఉండేది. టీచర్లు ముందు పిల్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి, మార్కులు తరవాత. తల్లులు టీచరుకి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. "బళ్ళో ఏం చేస్తుందో మీకు తెలుసు. ఇంట్లో ఏం చేస్తుందో మాకు తెలుసు. రెండూ కలిస్తేనే పిల్ల" అనేవారు.

మా వంతు వచ్చింది. టీచరు కాసేపు ఆలోచించి, "నీట్‌గా వస్తుందండీ" అన్నారు. తరవాత చెప్పాల్సింది చెప్పారు. "చదవడం రావట్లేదండీ. లేపితే నోరు విప్పదు. ఒక ఏడు ఆరులో కూర్చుంటే దానికే మంచిది."

అమ్మ తలవంచుకుని కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. వెనక బెంచీలోంచి అత్తయ్యగారు ముందుకు వంగారు. "మీరు చెప్పండి వదినా. టీచరుగారికి తెలియంది ఒకటి."

"ఏముందండీ చెప్పడానికి?"

"ఇంట్లో ఏం చేస్తుంది?"

"నేను కుడుతుంటే పక్కన కూర్చుని కథలు చదివి వినిపిస్తుందండీ."

టీచరు తలెత్తారు. "తెలుగువా?"

"ఇంగ్లీషువండీ. మీ లైబ్రరీ పుస్తకాలే. ఇంగ్లీషులో చదివి, నాకు తెలుగులో చెబుతుంది. నిన్న ఓ కుక్క కథ సగంలో ఆపేసింది. అది ఇల్లు చేరిందో లేదో నాకింకా చెప్పలేదు."

వెనక నుంచి అత్తయ్యగారి గొంతు. "అయితే ఇప్పుడు చదవమనండి. ఆ కుక్క సంగతి నాకూ తెలియాలి."

పుస్తకం నా సంచిలోనే ఉంది. తీసి నిలబడ్డాను. హాలంతా నన్నే చూస్తోంది. గొంతు మళ్ళీ రాలేదు. ఆవిడ నా ముఖం చూసి లేచారు. "ఏవమ్మా, అందరూ అటు తిరగండి. ఇక్కడేమైనా పెళ్ళిచూపులా? శనగలు అటు వైపే ఉన్నాయి, తింటూ వినండి. టీచరుగారూ, మీరు కూడానండీ." నిజంగానే అందరూ తిరిగారు. సిస్టర్‌గారు కూడా కుర్చీ తిప్పుకుని, చేతిలో శనగలతో గోడకి ఎదురుగా కూర్చున్నారు. నా వైపు అమ్మ ఒక్కతే ఉంది.

అమ్మకి చదివినట్టే చదివాను. ఒక పేరా ఇంగ్లీషు, ఒక పేరా తెలుగు. మొదట్లో ముందు బెంచీకి కూడా వినిపించి ఉండదు. మధ్యలో ఎవరో, "కొంచెం గట్టిగా తల్లీ, వాగు దాటిందా లేదా?" అన్నారు. దాటిందని గట్టిగా చెప్పాను. కుక్క ఇల్లు చేరేసరికి టీచరు నా వైపు తిరిగి ఉన్నారు. ఎప్పుడు తిరిగారో నేను చూడలేదు. ఆరో తరగతి సంగతి ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. మావయ్య కూడా.

బయటికి వస్తుంటే అమ్మ ఆవిడకి దణ్ణం పెట్టబోయింది. ఆవిడ చేతులు పట్టుకుని ఆపారు. "నాకెందుకు వదినా? చదివింది పిల్ల, చెప్పింది మీరు. నేను శనగలు పెట్టాను, అంతే."

ఇప్పుడు నేను అదే కాన్వెంటులో ఇంగ్లీషు చెబుతున్నాను. గొంతు ఇప్పటికీ చిన్నదే, పిల్లలే నిశ్శబ్దంగా ఉండటం నేర్చుకున్నారు. నోరు విప్పని పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్ళకి రాదని రాసేముందు వాళ్ళ అమ్మని ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు లేకుండా వెనక్కి వెళ్ళిన తల్లిని ఇంతవరకూ చూడలేదు. ఒక పిల్ల మేకలకి ఎక్కాలు చెబుతుందట. ఇంకో పిల్ల బస్సు బోర్డులన్నీ తాతయ్యకి చదివి పెడుతుందట. ఇవి అత్తయ్యగారికి చెబితే, "చూశావా!" అని తానేదో పందెం గెలిచినట్టు తొడ చరిచేవారు.

సోమవారం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గేటు బయట చెప్పులు రోడ్డు దాకా ఉన్నాయి. లెక్కలు రాని ఆ పెద్దకూతురు తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. ఆ అమ్మాయి ఏడుస్తూనే ఒక మాట చెప్పింది. ఆసుపత్రిలో నర్సుని కూడా వాళ్ళమ్మ వదల్లేదట. మీ పిల్లలు ఏ బడి, మీటింగుకి వెళ్తున్నారా అని అడిగారట.

ఈ శనివారం మీటింగు ఉంది. వాయిదా వేద్దామా అని సిస్టర్‌గారు అడిగితే కూతురే వద్దంది. "మా అమ్మ ఒప్పుకోదండీ" అంది. కొన్నేళ్ళుగా పిలుపులకి ఆవిడ వెంట మా అమ్మ కూడా తిరుగుతోంది. వీధులన్నీ తెలుసు, ఏ ఇంట బొట్టో ఏ ఇంట అరటిపండో తెలుసు. శుక్రవారం ఉదయం అమ్మే వెళుతుంది. శనగలు నేను నానబోస్తాను. పిల్లలు వస్తారు, వాళ్ళ వెనక అమ్మలు వస్తారు. అందులో నాకు అనుమానం లేదు.

నా కళ్ళ ముందు మాత్రం ఆ మొదటి శుక్రవారమే ఉంది. మా గుమ్మంలో ఎండ. మిషన్ ఆగిపోయింది. అమ్మ రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుని ఉంది. ఆవిడ ఎడమచేతిలో భరిణె, కుడిచేతి ఉంగరపు వేలికి ఎర్రగా కుంకుమ. ఆవిడ నుదుట లేదు. ఆవిడ భర్త పోయి అప్పటికి ఐదు నెలలు.