గది కచేరీలో తాళం తప్పిందెవరు?

మొన్న పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని ఫోన్ తెరిస్తే, పువ్వులూ సూర్యోదయాలూ ఉన్న శుభోదయాల గుంపులో న్యాల్‌కల్ నుంచి మా హార్మోనియం మిత్రుడు పంపిన రికార్డింగు ఒకటి కనిపించింది. కాలేజీ రోజుల్లో మేం ముగ్గురం చేసిన సాధన అది. పాత క్యాసెట్టును ఎవరి చేతో ఫోన్‌లోకి ఎక్కించి, ఒక్క మాటైనా రాయకుండా పంపేశాడు మహానుభావుడు. నా వయొలిన్, అతని హార్మోనియం, మూడో మిత్రుడి తబలా, మధ్యమధ్య బొంబాయి రోడ్డు మీద లారీల హారన్లు. మురిసిపోతూ, అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తూ విన్నాను. సగానికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాను. నాలుగోసారి విన్నాక కాఫీ సంగతే మరిచిపోయాను.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి నాన్నగారు మమ్మల్ని గోదావరి వైపు నుంచి జహీరాబాద్ తీసుకొచ్చిన కొత్తలో, కాలేజీలో నా భాష విని నవ్వేవాళ్ళే గాని నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నా దగ్గర ఉన్నదల్లా అమ్మ నేర్పిన వయొలిన్ ఒక్కటే. ఇంట్లో నేను వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని తాళం వేసేది అమ్మే, ఎందుకంటే నా రెండు చేతులూ వయొలిన్‌కే సరిపోయేవి. ఆ చెయ్యి లేకపోతే నేనేమవుతానో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ అప్పటికి రాలేదు.

మా ఇంగ్లీషు లెక్చరరు గారు హైదరాబాదులో ఏదో కచేరీ చూసి వచ్చి, మైకు లేకుండా, పాటగాడు లేకుండా, నలుగురు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు వింటూ వాయించుకునే పద్ధతి ఒకటుందని, అందులో పెద్దా చిన్నా ఉండరని చెప్పి, వాయిద్యాలు వచ్చినవాళ్ళని చేతులెత్తమన్నారు. లేచినవి మూడు చేతులు. అలా పుట్టింది మా బృందం. గది కచేరీ అని పేరు కూడా ఆయనే పెట్టారు.

తబలా అబ్బాయిది ఊళ్ళోనే అల్లం వ్యాపారం చేసే కుటుంబం. చిరాగ్‌పల్లిలో తాతగారి భజన బృందంలో కూర్చుని నేర్చుకున్న చెయ్యి అతనిది. తబలా విప్పితే గదంతా అల్లం వాసన వచ్చేది. వాళ్ళ నాన్న అతన్ని కొట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నారు. కాలేజీ వార్షికోత్సవం నాడు కొడుకు స్టేజీ మీద వాయించడం కళ్ళారా చూస్తే హైదరాబాదులో గురువు దగ్గర చేర్పిస్తానని ఒప్పుకున్నారట. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో అతను మాట్లాడితే అదొక్కటే మాట.

తీరా మొదలుపెడితే ఏముంది, అంతా గందరగోళం! నెమ్మదిగా ఎత్తుకున్న కీర్తన చివరికొచ్చేసరికి బస్సు తప్పిపోతుందన్నట్టు పరుగెత్తేది. హార్మోనియం అబ్బాయి మధ్యలోనే చేతులెత్తేసేవాడు. ఎవరి తప్పో తలా తోకా తెలిసేది కాదు. తబలాయే నన్ను తరుముతోందని నాకనిపించేది, తాళం చూసుకోవలసింది అతనే కదా అని లోలోపల విసుక్కునేదాన్ని. చివరికి లెక్చరరు గారు మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే పక్కకి పిలిచి తప్పెవరిదని అడిగారు. తబలా అన్నాను నేను. క్షణమైనా ఆలోచించకుండా అన్నాను, నా నోరు పడిపోను!

ఆయన అతన్ని తప్పించి, మా కాలనీలో మృదంగం వాయించే పెద్దాయన్ని కూర్చోబెట్టారు. వార్షికోత్సవం నాడు తెర లేవగానే ముందు వరసలో తబలా అబ్బాయి, పక్కన తెల్ల ధోవతిలో వాళ్ళ నాన్న. ఆ రోజే పొద్దున అతన్ని తప్పించిన సంగతి ఇంట్లో చెప్పలేకపోయాడు కాబోలు, ఆయన స్టేజీకేసీ కొడుకుకేసీ మార్చి మార్చి చూడడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మృదంగం బండరాయిలా కదలకుండా ఉంది. నేను మాత్రం రెండుచోట్ల దానికి ముందు వెళ్ళిపోయి తడబడ్డాను. పెద్దాయనతో అలవాటు లేక అనుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి అతను కొట్లో కూర్చున్నాడు, అతను లేకుండా హార్మోనియం అబ్బాయి రానన్నాడు, గది కచేరీ అక్కడితో సరి.

ఇప్పుడీ రికార్డింగులో వింటే, ప్రతిచోటా ముందు ఉరుకుతున్నది నా వయొలిన్ కమానే. ఒక రెప్పపాటు వెనకగా తబలా వచ్చి నన్ను అందుకుంటోంది, పడిపోకుండా పట్టుకున్నట్టుగా. ఐదోసారి వింటే అబ్బే, అతనే అనిపిస్తుంది. ఆరోసారి మళ్ళీ నేనే. బుర్ర తిరిగిపోయి, ఫోన్ పట్టుకుని రోడ్డు మీది అతని కొట్టుకి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా అల్లం కొనేది అక్కడే, పలకరించుకుంటూనే ఉన్నాం, ఈ మాట మాత్రం ఎప్పుడూ రాలేదు.

గల్లాపెట్టె మీద ఫోన్ పెట్టి వినిపించాను. అతని వేళ్ళు వాటంతటవే చెక్క మీద ఆడాయి. అయిపోయాక, తప్పు ఎవరిదని అడిగాను.

"నువ్వు ఉరుకుతుంటివి," అన్నాడు తేలిగ్గా. "నేను నీ ఎంబడి ఉరికిన. మా భజనల గట్లనే నేర్పిన్రు. పాడెటోళ్లు ఉరికితే దరువు గూడ ఉరకాలె, వాళ్లను నలుగురి ముంగట తప్పు పట్టొద్దు."

ఆ రోజు లెక్చరరు గారికి నీ పేరు చెప్పింది నేనేనని, నిజంగా తప్పు నీదే అనుకున్నానని చెప్పేశాను. అతను ఫోన్ నా వైపు జరిపాడు.

"నీకు తెల్వదా?" అన్నాడు. "ఇన్నేండ్లు నీకు ఎర్కనే అనుకున్న."

అంటే, తెలిసి కూడా నేను తన మీదికి నెట్టానని అనుకుంటూనే, ఇన్నేళ్ళూ నాకు ఏరి ఏరి మంచి అల్లం పెట్టాడన్నమాట! తెలిసి చేసిన తప్పు పెద్దదా, పక్కనే కూర్చుని అతన్ని ఒక్కసారైనా వినకపోవడం పెద్దదా, నాకు తేలడం లేదు. ఒకరినొకరు వినండని కదా లెక్చరరు గారు మమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టింది.

ఇప్పుడు మా మనవరాలు వయొలిన్ నేర్చుకుంటోంది. తాళానికి అమ్మ చెయ్యీ అక్కర్లేదు, తబలా మిత్రుడూ అక్కర్లేదు, ఫోనే టిక్కు టిక్కుమని కొడుతుంది. నిన్న మనవరాలితోపాటు నేనూ కమాను పట్టుకుని కూర్చున్నాను. తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేసరికే ఫోన్ వెనకెక్కడో ఉంది, నేను ముందెక్కడో ఉన్నాను. ఆగి చూశాను. అది నా వెంట రాలేదు.