ఇద్దరి మతిమరుపులు

కిమ్చీ పచ్చడి కోసం ఉప్పులో ఊరేసిన క్యాబేజీలను మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. ఈసారి ఆ పని మిరాన్‌కి అప్పజెప్పారు. సరేనని బయల్దేరిన మనిషి, దారిలో ఊగుతున్న అలమర తలుపు చూసి దాన్ని బాగుచెయ్యడానికి కూర్చుంది. తలుపు బ్రహ్మాండంగా కుదిరింది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ తినాల్సిన క్యాబేజీ మాత్రం నోట పెట్టలేనంత ఉప్పగా అయిపోయింది.

"నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా నీకు చెప్పాలటే? ఒళ్లు దగ్గర పెట్టుకుంటే కదా!" అని అక్క విరుచుకుపడింది.

ఒళ్లు దగ్గర పెట్టుకోవడం ఎలాగో ఎవరైనా చెబితే మిరాన్ నేర్చుకునేదే. చిన్నప్పటినుంచీ ఆ మాట అన్నవాళ్లే గాని నేర్పినవాళ్లు లేరు.

అదే వారం, అక్క దగ్గరుంటున్న అమ్మ బొక్సున్ తన చెప్పులు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది. అక్క నవ్వేసి అమ్మ బుగ్గ నిమిరింది. "పోనీలేమ్మా, పాడవకుండా ఉంటాయి" అంది. ముసలావిడ ఒక్కోరోజు కూతుళ్లని గుర్తుపడుతుంది, ఒక్కోరోజు పట్టదు. ఆవిడకి మతి పోతోందని తెలిశాక ఎవరూ పల్లెత్తు మాట అనరు. అనకూడదు కూడా. అయినా మిరాన్‌కి కడుపు రగిలిపోయింది. అమ్మ మరిచిపోతే జబ్బు, తను మరిచిపోతే పొగరు. ఇదెక్కడి న్యాయం?

ఆ ఉక్రోషంతోనే గున్సాన్ ఊళ్లో బజారు వెనకున్న ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, కావచ్చంది.

"ఇది బద్ధకం కాదండీ. చిన్నప్పటినుంచే ఉంటుంది, కొందరికి పెద్దయ్యేదాకా తెలియదంతే. అప్పట్లో మీరెలా ఉండేవారో చెప్పేవాళ్లు కావాలి. అమ్మగారిని తీసుకురాగలరా?"

మిరాన్‌కి కావలసిందీ అదే. పిల్ల కావాలని చెయ్యలేదన్న మాట ఒక్కసారి అమ్మ నోట వినాలి, అమ్మ అన్నీ మరిచిపోకముందే.

అమ్మ కొత్త కోటు వేసుకుని డాక్టరమ్మ ఎదుట పెళ్లికొచ్చినట్టు కూర్చుంది.

"అవ్వా, మీ చిన్నమ్మాయి చిన్నప్పుడు వస్తువులు పోగొట్టేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా మిరానా? ఛ! అది బంగారం. ఏనాడూ ఒక్క వస్తువు పోగొట్టలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసేది."

ఈ మెప్పు కోసం మిరాన్ చిన్నతనమంతా ముఖం వాచిపోయింది. ఇప్పుడది దక్కింది గాని, అందులో తను లేదు. ఊరుకుంటే బంగారంలాగే మిగిలిపోవచ్చు. కానీ మనసొప్పలేదు.

"కాదమ్మా, పోగొట్టాను. వానాకాలమొస్తే గొడుగులన్నీ బస్సుల్లో వదిలేసేదాన్ని. దెబ్బలు తిన్నాను. ఒకసారి తడిబట్టలతో వానలోనే నిలబెట్టారు నన్ను."

అమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. గుర్తుపట్టలేదు.

"ఎవరమ్మా నువ్వు? గొడుగు పోతే పసిదాన్ని మీ అమ్మ వానలో నిలబెట్టిందా? ఎవరా మహాతల్లి?" కోపంతో ఊగిపోతూనే మిరాన్ చేతులు రెండూ పట్టుకుని వెచ్చగా రుద్దసాగింది. "పిల్లలు కావాలని పోగొడతారా ఎక్కడైనా!"

మిరాన్ బావురుమంది. ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాట, పరాయి పిల్లకి చెప్పినట్టు చెప్పింది అమ్మ.

"ఆవిణ్ణి ఏమీ అనకండి" అంది ఏడుపు మధ్యలో. "పొద్దంతా చేపల బజార్లో నిలబడి వచ్చేది. నాది బద్ధకం కాదని ఆవిడకీ తెలీదు పాపం."

"అయినా సరే, కొట్టకూడదు" అంది అమ్మ, ఆ చేతులు వదలకుండానే.