జైనబీ అత్త దిగిన మెట్లు

తడిసిన గోనెసంచుల వాసన తగిలితే నేను ఆగిపోతాను. మొన్న వాన వెలిశాక మార్కెట్ యార్డు పక్కగా వస్తూ మళ్లీ అట్లే నిలబడిపోయాను. ఆ వాసన జైనబీ అత్తది. వ్యాపారులకు చిరిగిన సంచులు కుట్టి బతికేది. కర్నూల్లో హంద్రీ ఏటి ఒడ్డు గుడిసెల్లో ఉండేది.

శనక్కాయ పంట వరసగా ఎండిపోయాక మా అమ్మానాన్న పత్తికొండ దగ్గరి మా ఊరొదిలి, నా చెయ్యి పట్టుకుని కర్నూలు చేరారు. "ఈడ యాడుందప్పా జాగా?" అని అందరూ పొమ్మన్నవాళ్లే. అత్త మాత్రం తన గుడిసె మధ్యలో గోనెపట్టా వేలాడదీసి, "ఈ పక్క మీది. వానలు పోయినాంక చూసుకుందాం" అంది. ఎన్ని వానలు పోయినా ఆ పట్టా తీయలేదు. దానికి ఈవలే నేను చదువుకుని పెద్దదాన్నయ్యాను.

అక్కడి బతుకేమీ గొప్పది కాదు. ఏరు పొంగితే మురుగు పొయ్యిలోకి వచ్చేది. ఒక వానాకాలం అత్త ఒక్కగానొక్క కూతురు షంషాద్ వాంతులు, భేదులతో ఆస్పత్రికి చేరేలోపే పోయింది. ఆ తర్వాత అత్త ఆడవాళ్లను కూడగట్టి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి నేనూ వెళ్లాను.

"కల్లూరు అవతల మూడంతస్తుల ఇళ్లు కడతాం కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు అధికారి.

"శానా దూరం సార్. ఆడికి పోతే మాకు పని యాడుంటాది? మేడలొద్దు. ఈడనే, ఏరు తాకనంత ఎత్తులో గోడలు లేపుకోనీండి. కుళాయి, మరుగుదొడ్లు ఇయ్యండి."

ఆయన తలూపాడు. బయటికొచ్చాక అత్త నా భుజం పట్టుకుని, "విన్నాడే పాపా!" అని నవ్వింది. షంషాద్ పోయాక నేను చూసిన నవ్వు అదొక్కటే.

ఎండాకాలంలో జేసీబీలు వచ్చి గుడిసెలు కూల్చేశాయి. అత్తకు కల్లూరు అవతల పై అంతస్తులో ఇల్లిచ్చారు. మేమూ ఆమెతోనే వెళ్లాం. నీళ్లు పైకెక్కేవి కావు. ట్యాంకరు వచ్చినప్పుడు బిందెతో మోసుకోవాల్సిందే. కూలి ఆటో కిరాయికే సరిపోతుంటే చాలామంది తాళాలేసి, పట్నంలో ఇంకో మురుగుకాల్వ పక్కన గుడిసెలు వేసుకున్నారు. మేమూ అద్దెగదికి మారుతూ ఆమెను రమ్మన్నాం.

"యాడికొచ్చేది పాపా? బిడ్డ పోయినాంక ఈ గోడల కోసమే కదా తిరిగింది. ఇడిసిపెట్టి వస్తే నా బిడ్డ ఊరికే పోయినట్లే కదా" అంది.

తర్వాత నీళ్లబిందెతో మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్లీ కిందికి దిగలేదు. నేను వెళ్లినప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. రంజాన్‌కు ముందు పోయింది.

శవాన్ని మోసుకెళ్లే జనాజా పెట్టె తెచ్చారు. మెట్ల మలుపులో అది తిరగలేదు. పైకెత్తి చూశారు, వాలుగా చూశారు. చివరికి ఆమెను దుప్పట్లో ఉంచి, నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని, గోడకు తగలకుండా దించాలని చూశారు. తగిలింది. ప్రతి మలుపులోనూ తగిలింది. నేను పైమెట్టు మీద నిలబడి విన్నాను.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. పేదలకు ఎక్కడ కొత్త ఇళ్లు కడుతున్నా వెళ్లి చూసొస్తాను. నన్నెవరూ అడగరు, నేనెవరికీ చెప్పను. మెట్ల దగ్గర రెండు చేతులూ చాపి నిలబడి, మనిషిని పడుకోబెట్టి దించడానికి చోటుందా అని చూస్తాను.

చాలాచోట్ల ఉండదు.